పేర్లు చదివే ఆదివారం

తెలుగు క్రైస్తవుల దగ్గర ‘సెయింట్’కి మూడు మాటలున్నాయి. పాత కథోలిక పుస్తకాలు ‘అర్చ్యశిష్టులు’ అన్నాయి. ఇప్పటి కథోలికులు ‘పునీతులు’ అంటున్నారు. ప్రొటెస్టెంట్లం ‘పరిశుద్ధులు’ అంటాం. మూడూ సంస్కృతమే గానీ వాటి వెనక పెద్ద తగాదానే ఉంది. ‘అర్చ్య’ అంటే అర్చించదగిన అని కదా, అక్కడే మా బాప్టిస్టు పెద్దలకు ఒళ్లు మండేది. దేవుణ్ణి తప్ప ఇంకెవర్ని అర్చిస్తారండీ అని. అందుకని మా పల్లెలో ‘పరిశుద్ధులు’ అనే మాటను బైబిల్లో చదువుకున్నాం, పాటల్లో పాడుకున్నాం. ఒక మనిషి పేరు ముందు మాత్రం తగిలించిన పాపాన పోలేదు.

నిజానికి పౌలు తన ఉత్తరాల్లో సంఘం మొత్తాన్నీ ఆ మాటతోనే పిలుస్తాడు. కొరింథులో ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కుతున్నవాళ్లు కూడా ఆయన లెక్కలో పరిశుద్ధులే. మా వాళ్లు దీన్నే ఆధారంగా చూపించి, అందరూ పరిశుద్ధులైనప్పుడు ప్రత్యేకంగా కొందరిని తలుచుకోవడం ఎందుకనేవాళ్లు. వాదన బాగానే ఉంది. కానీ దాంతో జరిగిందేమిటంటే, అందరూ పరిశుద్ధులే గనక ఎవర్నీ తలుచుకోలేదు. మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. నాలుగు తరాల బాప్టిస్టులం. నాలుగో తరంవాణ్ణయిన నాకు రెండో తరంలో మా ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లు తెలియవు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల వంశావళి మాత్రం సండే స్కూల్లో తడుముకోకుండా అప్పజెప్పేవాణ్ణి.

ఉద్యోగం పేరున హైదరాబాదు చేరాక నేను వెళ్లిన ఒక పెద్ద మందిరంలో ఈ మరపు ఇంకా ముదిరి కనిపించింది. ఏసీ హాలు, గోడంత తెర, కీబోర్డు, డ్రమ్స్. సాక్ష్యాలు చెప్పేవాళ్లకు వీసా వచ్చింది, ఫ్లాటు వచ్చింది, ప్రమోషను వచ్చింది. వినడానికి సంతోషమే. అయితే అక్కడ అందరూ నిన్నగాక మొన్న పుట్టినట్టుండేవారు. రెండు వేల ఏళ్ల మతానికి నిన్న అనేదే లేనట్టు! మెల్లగా వెళ్లడం మానేశాను. ఎవరితోనూ గొడవపడి కాదు, అక్కడ నాకు తెలిసినవాళ్లు లేరనిపించి. తెలిసినవాళ్లంటే బతికున్నవాళ్లని కాదు నా ఉద్దేశం.

తిరిగి దారి దొరికింది పాత పుస్తకాల్లో. మొదట చదివింది స్ముర్న సంఘం రాసిన ఒక ఉత్తరం. ప్రకటన గ్రంథంలో వచ్చే ఏడు సంఘాల్లో స్ముర్న ఒకటి, ఇప్పటి టర్కీలో ఇజ్మీర్. రెండో శతాబ్ది మధ్యలో అక్కడి బిషప్పు పోలికార్పును, ముసలాయన్ని, రోమన్ అధికారులు మంటల్లో వేసి చంపారు. ఆయన సంఘస్తులు ఫిలొమేలియం అనే ఊరి సంఘానికి ఆ సంగతంతా ఉత్తరంగా రాశారు. మంట చల్లారాక ఎముకలు ఏరుకున్నారట. రత్నాలకన్నా విలువైనవిగా ఎంచుకుని తగిన చోట దాచారట. ఏటా ఆ రోజున అక్కడ కూడి ఆయన పుట్టినరోజు చేసుకుంటామని రాశారు. చనిపోయిన రోజుకే వాళ్లు పెట్టుకున్న పేరు పుట్టినరోజు. మా ఊళ్లో ‘ప్రభువునందు నిద్రించారు’ అని కార్డు కొట్టిస్తారే, దానికంటే ఇది రెండాకులు ఎక్కువే చదివిన మాట.

ఆ ఉత్తరంలో నన్ను ఆపింది ఇంకొకటుంది. వీళ్లు క్రీస్తును వదిలేసి పోలికార్పును పూజిస్తారేమోనని అప్పట్లోనే కొందరు అన్నారట. దానికి సంఘం జవాబు అందులోనే ఉంది: మేం పూజించేది క్రీస్తును, సాక్షులను మాత్రం ఆయన శిష్యులుగా ప్రేమిస్తాం, అంతే అని. మా బాప్టిస్టు పెద్దలు లేవనెత్తిన ప్రశ్నకు పద్ధెనిమిది వందల ఏళ్ల కిందటే జవాబు సిద్ధంగా ఉందన్నమాట. కొత్తగా అడిగామనుకునే ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే.

తర్వాత కార్తేజు. ఆఫ్రికా ఉత్తర తీరం, 203వ సంవత్సరం మార్చి 7. పెర్పెతువా ఇరవై రెండేళ్ల పిల్ల, కలిగినింటి ఆడపడుచు, చేతిలో పాలుతాగే బిడ్డ. జైల్లో తన సంగతులు తానే రాసుకుంది. తండ్రి వచ్చి తన నెరిసిన తల చూసైనా మనసు మార్చుకొమ్మని బతిమాలటం, బిడ్డ ఆకలి, చెరసాలలో చీకటి, వచ్చిన కలలు, అన్నీ. తొలినాటి క్రైస్తవ స్త్రీలలో స్వయంగా రాసిన రాత మనకు దక్కినవాళ్లు చాలా తక్కువ. ఆమెతోపాటు పట్టుబడినవాళ్లలో ఫెలిసిటాస్ అని ఒక బానిస. ఎనిమిదో నెల గర్భిణి. గర్భిణికి మరణశిక్ష అమలు చెయ్యకూడదని చట్టం. తోటివాళ్లతో కాకుండా ఆ తర్వాత ఎవరో దొంగలతో కలిపి తనను ఒంటరిగా చంపుతారేమోనని ఆమె దిగులు. చెరలోనే ఆడపిల్లను కన్నది. ఆ పిల్లను సంఘంలో ఒక సోదరి తీసుకుపోయి పెంచుకుంది. ఇద్దరూ ఒకే రోజు ఒకే మైదానంలో చనిపోయారు.

బానిసకూ దొరసానికీ ఒకే తేదీ, ఒకే పండుగ. రెండు వందల ఏళ్ల తర్వాత అగస్టీను ఆ పండుగనాడు ప్రసంగాలు చేస్తూ ఆ ఇద్దరి పేర్లమీద శ్లేష కూడా కట్టాడు. పెర్పెతువా అంటే నిత్యం, ఫెలిసిటాస్ అంటే సౌఖ్యం, రెండూ కలిస్తే నిత్యసౌఖ్యం అని. రోమన్ సామ్రాజ్యంలో ఎన్ని లక్షలమంది బానిసలు పుట్టి పోయారో. యజమాని లెక్కల పుస్తకంలో తప్ప వాళ్ల పేర్లు ఎక్కడ మిగిలాయి గనక? ఈ ఒక్క బానిస పేరు మిగిలింది, ఎందుకంటే ఏటేటా ఆ పేరును గట్టిగా చదివేవాళ్లు ఉన్నారు. అది చదివిన రాత్రి నాకు మా పల్లె గుర్తొచ్చింది. మాకు ఎవరు చదివారు?

ఇక్కడ లూథరు పక్షం మాటొకటి చెప్పి ముందుకు పోతాను. 1530 నాటి ఆగ్స్‌బర్గు ఒప్పుకోలులో 21వ అధికరణం పరిశుద్ధుల గురించే. వాళ్లకు మొరపెట్టుకోవద్దు అంటుంది. వాళ్లను తలుచుకోవచ్చు, విశ్వాసం బలపడటానికీ, ఎవరి పనిలో వాళ్లు ఆ మాదిరి నడుచుకోవటానికీ అని కూడా అంటుంది. మనవాళ్లు మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశారు.

ఇక ఒంగోలు.

ఒంగోలులో ఒక కొండ ఉంది. ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కారు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను పరిస్థితి ఏమంత బాగా లేదు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో మొదలుపెట్టిన పని, పదమూడేళ్లయినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. మూసేద్దామా అని అమెరికాలో చర్చ. పటంలో ఒంటరి చుక్కలా కనిపించే ఆ మిషను మీద అక్కడొకాయన కవిత రాస్తే, ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు దానికి అలాగే ఉండిపోయింది. ఆ నెల్లూరు నుంచి ప్రచారానికి వచ్చిన లైమన్ జువెట్ దొర, ఆయన భార్య, వాళ్లతో ముగ్గురు తెలుగువాళ్లు కొండెక్కి, యెషయా గ్రంథంలో కొండలమీద సువార్త మోసుకొచ్చేవాళ్ల పాదాల మాట చదువుకుని, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. కిందికి చూస్తే నాగజెముడు కమ్ముకున్న మిట్ట ఒకటి. అక్కడ మన మిషను బంగళా ఉంటే బాగుంటుంది కదా అని దొర పక్కనున్న పిల్లతో అన్నాడని చెబుతారు. పన్నెండేళ్లకు జాన్ క్లౌ దొర వచ్చాక అక్కడే బంగళా లేచింది.

ఈ కథ మా పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. నేనూ చిన్నప్పుడు విన్నాను. జువెట్ దొర కొండమీద ప్రార్థించాడు అని విన్నాను. ఒంగోలులో జువెట్ పేరున చర్చి ఉంది, క్లౌ పేరున ఆసుపత్రి ఉంది. మిగతా ముగ్గురి పేర్లు పెద్దయ్యాక పుస్తకంలో చూశాను: నరసు, జూలియా, రూతు. ఇంటిపేర్లు లేవు. నరసు అన్నది చూస్తే నరసయ్యో నరసింహులో కురచై ఉంటుందనిపిస్తుంది. బాప్తిస్మం తీసుకున్నా ఆ పేరు అలాగే ఉంచుకున్నాడు, ముందు ‘క్రిస్టియన్’ అని తగిలించారంతే. దొర ఆ నాగజెముడు మిట్ట చూపించి మాట్లాడింది జూలియాతోనే. అంటే ఆ సంగతికి మొదటి సాక్షి ఒక తెలుగు ఆడపిల్ల. ఐదుగురు ఎక్కిన కొండను ఒకడు ఎక్కినట్టు మనం చెప్పుకుంటున్నాం. ఐదుగురి ప్రార్థనల్లో మూడు తెలుగు నోళ్లలోంచి వచ్చినవి.

అసలు కథ అక్కణ్ణుంచి పన్నెండేళ్లకు మొదలైంది, అదీ దొర వల్ల కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ. ఒంగోలుకు నలభై మైళ్ల దూరాన ఊరు. తోళ్ల వ్యాపారం. తోళ్లు కొనడానికి ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి చర్చి మిషనరీ సొసైటీ దొర అలెగ్జాండర్ దగ్గర క్రీస్తు సంగతి విన్నాడు. 1866లో పేరయ్యకూ ఆయన భార్య నాగమ్మకూ జువెట్ ఒంగోలులో బాప్తిస్మం ఇచ్చాడు. ఆ సెప్టెంబరులో క్లౌ ఒంగోలు చేరేటప్పటికే పేరయ్య ఊరూరా తిరిగి చెబుతున్నాడు. 1867 జనవరిలో క్లౌ ఆ వైపు పోయి గుడారం వేస్తే, పేరయ్య చెప్పగా నమ్మిన 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. పంట వేసినవాడు పేరయ్య, కోతకు పోయినవాడు క్లౌ.

పేరయ్య గురించి ఇంత తెలియడానికి కారణం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. క్లౌ రెండో భార్య. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి స్విట్జర్లాండులో డాక్టరేటు తీసుకున్న మనిషి ఒంగోలు వచ్చి, మాదిగ ప్రచారకులను కూర్చోబెట్టి వాళ్ల కథలు చెప్పించుకుని, 1899లో పుస్తకం వేసింది. తెలుగులో చెప్పాలంటే ‘చెప్పులు కుడుతూ కుడుతూ’ అని దాని పేరు. మిషనరీల రాతల్లో ఉండే దొరతనం ఇందులోనూ ఉంది, లేదనను. కానీ పేర్లు అడిగింది. ఎవరి కొడుకు, ఏ ఊరు, ఎవరి శిష్యుడు అని అడిగింది. నాకు అది చాలు.

ఆ పుస్తకం ప్రకారం పేరయ్య క్రైస్తవుడు కాకముందు రాజయోగి. గురువు వీరమ్మ అనే మాదిగ స్త్రీ. పోతులూరి వీరబ్రహ్మం బోధ ఆ పల్లెల్లో ఇంటింటికీ చేరి ఉన్న రోజులవి. కక్కయ్య కథ అందరికీ తెలిసిందేగా. ఊపిరి నిలిపి కూర్చోవడం, విగ్రహాన్ని కాక లోపలున్న ఒక్కణ్ణి వెతకడం, ఇవన్నీ పేరయ్యకు వీరమ్మ నేర్పినవి. తర్వాత ఏలూరులో ఒక్క దేవుడి మాట వింటే అది ఆయనకు పరాయి మాటగా వినపడలేదంటే ఆశ్చర్యం లేదు. మా చర్చి చరిత్రలు పేరయ్య ‘చీకటిలోనుండి వెలుగులోనికి’ వచ్చాడంటాయి. నన్నడిగితే వీరమ్మ వెలిగించిన దీపం ఒకటి చేతిలో పట్టుకునే వచ్చాడు. ఆమె పేరు పరిశుద్ధుల జాబితాలో చేరుస్తావా అని ఒక మిత్రుడు నిలదీశాడు. ఆ జాబితా నా చేతిలో లేదు కదా అన్నాను. పేరయ్యను తలుచుకుంటే ఆవిడ ఎటూ వెంట వస్తుంది.

1876–78 ధాత కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడు మైళ్ల చిల్లర కాంట్రాక్టు తీసుకుని వేలమంది మాదిగలకు పని చూపించాడు. ప్రచారకులే మేస్త్రీలు. పగలు మట్టి తవ్వించి, పని ఆగినప్పుడు నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్లు. గంజి కోసం మతం మారారనే మాట పడకూడదని కరువు నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పదిహేను నెలలు. కరువు తగ్గి, పనులు ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఏడాది చివరికి 9,606.

ఈ 2,222 అనే అంకె మా వాళ్లకు మంత్రం లాంటిది. ప్రతి జూబిలీలో, ప్రతి సావనీరులో ఉంటుంది. పెంతెకొస్తు నాడు మూడు వేలమంది, గుండ్లకమ్మలో రెండు వేల రెండు వందల ఇరవై రెండు అని ప్రసంగీకులు గొంతు పెంచి చెబుతారు. వింటుంటే ఒళ్లు పులకరించే మాట నిజమే. అందులో ఒక్క పేరు చెప్పమంటే మాత్రం వేదిక మీద ఎవరూ చెప్పలేరు. ఇంకో సంగతి కూడా చెప్పరు. ఆ రోజు క్లౌ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు పాస్టర్లు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలిసినప్పుడు మిగతావాళ్లకు చోటిచ్చి, పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించారు. మధ్యాహ్నం ఎండలో కాసేపు ఆపారు. ఊళ్లో బావి దగ్గరికి రానివ్వని మనుషులు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నదిలోకి దిగారు. నన్ను కదిలించేది అంకెకంటే ఆ చేతులే.

పరిశుద్ధుల పంచాంగం ఈ చోట పనికొస్తుందని నాకు అప్పుడు తోచింది. అది మనిషిని అంకెలోంచి బయటికి తెస్తుంది. ఒక తేదీ, ఒక పేరు, ఒక ఊరు, ఒక పని. రోజుకొకరు.

మన నేల మీద ఇప్పటికే అలా తేదీ దక్కినవాళ్లున్నారు. బిషప్ అజరయ్య సంగతి చూడండి. 1874లో తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే, మీరు మాకు చాలా ఇచ్చారు, స్నేహం మాత్రం ఇంకా ఇవ్వలేదు అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్పయ్యాడు. దోర్నకల్లులో ఆయన కట్టించిన కతీడ్రల్ చూస్తే గుడీ మసీదూ చర్చీ కలిసి నిలబడినట్టుంటుంది. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత, మాలమాదిగ కూలివాళ్ల చేత, తలమీద తామే చెయ్యి పెట్టుకుని సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని ఒట్టు వేయించేవాడు. అప్పటిదాకా ఎవరి ఆజ్ఞలో మోసిన తలల మీద సొంత చెయ్యి! 1945 జనవరి 1న దోర్నకల్లులోనే చనిపోయాడు. జనవరి 2న ఇంగ్లండు సంఘం తన పంచాంగంలో ఆయన్ని తలుచుకుంటుంది. మా బాప్టిస్టు మందిరంలో మాత్రం ఆయన పేరు వినపడదు. ఆయన డినామినేషను వేరు.

అదే నెల 15న గన్నవరం దగ్గర పెదఅవుటపల్లిలో జోసెఫ్ తంబి చనిపోయాడు. ఈయనా తెలుగువాడు కాదు. ఫ్రాన్సిస్కన్ మూడో సభ సన్యాసి, చేతిలో ఏమీ ఉంచుకోని మనిషి. సంక్రాంతి రోజుల్లో ఆయన సమాధి దగ్గరికి జనం తండోపతండాలుగా పోతారు, క్రైస్తవులు కానివాళ్లు కూడా. రోమ్ ఆయన్ని ‘దైవసేవకుడు’ అంది, పునీత పట్టానికి అది మొదటి మెట్టు. బిషప్పూ బిచ్చగాడూ పదిహేను రోజుల తేడాలో పోయారు, ఇద్దరూ పక్క భాష నుంచి వచ్చి మన మట్టిలో కలిశారు. కానీ ఒకరిని తలుచుకునేవాళ్లు ఇంకొకరిని తలుచుకోరు.

మాకు పంచాంగం లేదన్నాను గానీ పూర్తిగా నిజం కాదేమో. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి చూడండి. కీర్తనకు రాగం, తాళం వేసి, పక్కన రాసినవారి పేరు వేస్తారు. 1803లో పుట్టి 1890లో పోయిన పురుషోత్తము చౌధురి పేరు మా నాయనమ్మకు అలాగే తెలుసు. ఆమెకు అక్షరాలు రావు. కీర్తన ఎత్తుకోబోతూ ‘చౌదరయ్య పాట పాడదాం’ అనేది. మా పల్లెలో పునీతుణ్ణి పిలవడానికి అంతకన్నా దగ్గరి పద్ధతి నేను చూళ్లేదు.

నాయనమ్మ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. సంక్రాంతికి మా చుట్టుపక్కల కులాలన్నీ పెద్దలకు పెట్టుకుంటాయి. చనిపోయినవాళ్ల పేరున కొత్త బట్టలు, వండిన వంట పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. మావాళ్లూ ఒకప్పుడు చేసినవాళ్లే. క్లౌ కొత్తవాళ్లకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలను కొలవొద్దు. మూడో షరతు కింద పెద్దలకు పెట్టడం కూడా పోయింది. మా నాయనమ్మ మాత్రం క్రిస్మసుకు కొత్త చీర తెస్తే, కట్టుకునే ముందు మా తాత ఫొటోకు ఒకసారి తాకించేది. “ఏందవ్వా అది?” అంటే, “ఊరికేరా, చూపిస్తన్నా” అనేది. అది విగ్రహారాధన అని ఏ పాస్టరయ్యా అనలేదు. చూసీ చూడనట్టు ఉన్నారేమో.

ఆమెకు రెండు పేర్లుండేవి. చర్చి రిజిస్టరులో బైబిలు పేరు, రేషను కార్డులో గ్రామదేవత పేరు. మా పల్లెలో చాలామందికి అంతే. బయటివాళ్లకు ఇది మోసంలా కనిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్లను షెడ్యూల్డు కులాల లెక్కలోంచి తీసేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ దారి తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. మన దగ్గర మతం మారిన దళితుడు బీసీ-సీ అవుతాడు, ఒక్క శాతం వాటాలోకి పోతాడు. ఊళ్లో మాత్రం ఎక్కడుండేవాడో అక్కడే ఉంటాడు. పిల్లల చదువు కోసం కాగితం మీద ఒక పేరు, దేవుడి ముందు ఒక పేరు. కార్తేజు బానిసకు ఒక్క పేరైనా నికరంగా ఉంది. మావాళ్లకు అదీ సగం సగమే. పైగా మా సమాధుల స్థలంలో రాళ్లు తక్కువ, మట్టి దిబ్బలే ఎక్కువ. నాలుగు వానలకు అవి నేలమట్టమవుతాయి. పక్క చేనువాడి నాగలి ఏటా ఒక సాలు ముందుకొస్తుంది.

కథోలికుల ఊళ్లలో నవంబరు 2న సమాధుల పండుగ. దిబ్బలు చెక్కి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. దానికి ముందురోజు, నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ. పేరున్న పునీతులకే కాదు, పేరు తెలియని పరిశుద్ధులందరికీ కలిపి ఒక రోజు. ఈ ఏర్పాటు చేసినవాళ్లెవరో గాని మా పల్లెను చూసే చేసినట్టుంది. రెండేళ్ల కిందట మా ఊరి పాస్టరయ్యను అడిగాను, నవంబరు మొదటి ఆదివారం ఆరాధనలో మన పెద్దల పేర్లు చదువుదామా అని. కుర్రాయన, బైబిలు కాలేజీ నుంచి వచ్చి మూడేళ్లు. మొదట ఏన్దోరు సోదికత్తె కథ తీశాడు. “చనిపోయినవాళ్లతో మాట్లాడటం వాక్యవిరుద్ధమన్నా” అన్నాడు. మాట్లాడం, దేవుడి ముందు పేర్లు చదువుతాం అంతే అన్నాను. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం తీసి, ఇక్కడ చేసిందేమిటయ్యా, హేబెలు నుంచి మొదలుపెట్టి పేర్లు చదవడమేగా అన్నాను. రాహాబు పేరు దగ్గర ఆయన కాస్త ఆగాడు. చివరికి దండలొద్దు, దీపాలొద్దు, పేర్లు మాత్రమే అని ఒప్పుకున్నాడు.

పేర్లు పోగుచేయడానికి మూడు వారాలు పట్టింది. పాత రిజిస్టరు సగం చెదలు తినేసింది. మిగిలినవి ముసలమ్మలే చెప్పారు. ఒక్కొక్కరు చెబుతుంటే ఇంకొకరు సరిచేసేవాళ్లు. ఒకావిడ పురుళ్లు పోసేదట, దొరసాని ఆసుపత్రి మందుపెట్టె ఆమె దగ్గరే ఉండేదట. ఒకాయన కాలువ తవ్వకానికి పోయి తిరిగి రాలేదని వాళ్ల తాత చెప్పగా విన్నారట. ఒకడు తాగుబోతే గాని కరువేళ తన వాటా గింజలు పంచాడట. వాణ్ణి పరిశుద్ధుల్లో చేర్చాలా వద్దా అని రచ్చబండ దగ్గర గంట వాదన జరిగింది. కొరింథు గుర్తొచ్చి నేను నోరు మూసుకున్నాను. చేర్చారు.

ఆదివారం పాస్టరయ్యే చదివాడు. ముందు నరసు, జూలియా, రూతు. తర్వాత పేరయ్య, నాగమ్మ. నేను కోరానని అజరయ్య, తంబి. ఆ తర్వాత మా పల్లెవాళ్లు, వంద పైచిలుకు. కాసేపటికి జనం ప్రతి పేరుకూ “ఆఁ” అనడం మొదలుపెట్టారు, బుర్రకథలో వంతలు కొట్టినట్టు. ఎవరూ చెప్పలేదు అలా అనమని. మా నాయనమ్మ వంతు వచ్చింది. రిజిస్టరు పేరు చదివాడు. వెనక వరసలోంచి మా చిన్నతాత, ఆమె తమ్ముడు, ఎనభై దాటినవాడు, లేచి నిలబడి “అయ్యా, రెండో పేరు కూడా చదువు. నేను పిలిచింది ఆ పేరుతోనే” అన్నాడు. పాస్టరయ్య నా వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. గ్రామదేవత పేరు మా మందిరంలో మైకులో వినపడింది. “ఆఁ” అన్నారు అందరూ.

దాంతో ప్రతివాళ్లూ లేచి తమవాళ్ల రెండో పేరు చెప్పడం మొదలుపెట్టారు. ఆరాధన ముగిసేసరికి ఒంటిగంట దాటింది. బయట వండిపెట్టిన అన్నం చల్లారిపోయిందని వంటవాళ్లు ఒకటే గొణుగుడు.